చెక్ ఇంజిన్ లైటు వెలిగిందా? సెన్సార్ మార్చే ముందు ఇవి తెలుసుకోండి

కారు తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మతో ఒక పసుపు లైటు వెలుగుతుంది. ఇంజిన్ స్టార్టయ్యాక ఆరిపోతే ఫికర్ లేదు. ఆరకుండా అలాగే ఉంటే మాత్రం ఓనర్‌కు పరేషానీ మొదలవుతుంది. బండి మామూలుగానే నడుస్తుంది. పికప్ బాగానే ఉంటుంది. మరి ఈ లైటు ఎందుకు?

ఇక్కడ మనవాళ్లు సాధారణంగా మూడు పనులు చేస్తారు. కొందరు 'బండి నడుస్తోంది కదా' అని నెలల తరబడి వదిలేస్తారు. కొందరు దగ్గర్లోని గ్యారేజీకి వెళ్లి, మిస్త్రీ ఏ సెన్సార్ పేరు చెబితే దాన్ని మార్పించేస్తారు. మరికొందరు స్కానర్ పెట్టించి లైటు ఆర్పించుకుని వచ్చేస్తారు. ఈ మూడింటిలో ఏది చేసినా చివరికి జేబుకే చిల్లు. రోజువారీ కిరాయి మీద బతికే క్యాబ్ డ్రైవర్‌కైతే అది ఒక నెల ఈఎంఐ అంత దెబ్బ కావచ్చు.

విషయం ఏమిటంటే, లైటు వెలిగినప్పుడు స్కానర్‌లో కనిపించే సెన్సార్ చాలాసార్లు దోషి కాదు. అది కబురు తెచ్చిన మనిషి. కబురు తెచ్చినవాణ్ని మార్చేస్తే ఇంట్లో గొడవ తీరదు కదా! అసలు ఈ సెన్సార్లు ఏం చేస్తాయి, ఎందుకు ఖరాబవుతాయి, వాటిని ఎలా కాపాడుకోవాలి అన్నది తెలిస్తే చాలా డబ్బు మిగులుతుంది.

ఇన్ని సెన్సార్లు ఎందుకు వచ్చాయి?

మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి. అంతకుముందు ఉన్న బీఎస్-4 నుంచి బీఎస్-5ను వదిలేసి నేరుగా ఆరుకు వెళ్లాం. తేడా చిన్నది కాదు. డీజిల్ కారు ఒక కిలోమీటరు నడిస్తే బీఎస్-4లో 250 మిల్లీగ్రాముల వరకు నైట్రోజన్ ఆక్సైడ్లు వదలొచ్చు. బీఎస్-6లో ఆ పరిమితి 80 మిల్లీగ్రాములు. మసి రేణువుల పరిమితి 25 మిల్లీగ్రాముల నుంచి 4.5 మిల్లీగ్రాములకు పడిపోయింది. ఇంధనంలో గంధకం కూడా 50 పీపీఎం నుంచి 10 పీపీఎంకు తగ్గింది.

ఇంత తక్కువ పొగతో బండి నడవాలంటే ఇంజిన్‌లోకి ఎంత గాలి పోతోంది, ఎంత ఇంధనం పడుతోంది, సైలెన్సర్ పైపులోంచి ఏం బయటికొస్తోంది అన్నది క్షణక్షణం చూస్తూ ఉండాలి. ఆ చూసే కళ్లే సెన్సార్లు. అవి చెప్పింది విని నిర్ణయం తీసుకునే మెదడు ఈసీయూ అనే చిన్న కంప్యూటర్. లెక్క తప్పినప్పుడు లైటు వెలిగించి, లోపలి వివరాన్ని ఒక కోడ్ రూపంలో దాచిపెట్టే ఏర్పాటు పేరు ఓబీడీ.

2023 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 రెండో దశ వచ్చింది. ప్రయోగశాలలోనే కాదు, రోడ్డు మీద నడిచేటప్పుడు కూడా పొగను కొలవాలన్నది ఇందులో ముఖ్యమైన మాట. దీని వెనుక ఒక పెద్ద కథ ఉంది. అమెరికాలోని వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ బృందం కొన్ని డీజిల్ కార్లకు పరికరాలు బిగించి రోడ్డు మీద నడిపి చూసింది. ల్యాబ్ పరీక్షలో పాసైన ఫోక్స్‌వ్యాగన్ కార్లు రోడ్డు మీద ఎన్నో రెట్లు ఎక్కువ పొగ వదులుతున్నట్టు తేలింది. పరీక్ష జరుగుతోందని పసిగట్టే సాఫ్ట్‌వేర్ వాటిలో ఉందని 2015లో బయటపడింది. ప్రపంచవ్యాప్తంగా సుమారు కోటీ 10 లక్షల కార్లలో ఆ సాఫ్ట్‌వేర్ ఉన్నట్టు కంపెనీయే ఒప్పుకుంది. ఆ యూనివర్సిటీ బృందంలో మన దేశం నుంచి వెళ్లిన ఇంజినీర్లు హేమంత్ కప్పన్న, అరవింద్ తిరువేంగడం కూడా ఉన్నారు. పరీక్ష సెంటర్‌లో చూపించే లెక్క వేరు, వీధిలో వదిలే పొగ వేరు అన్న సంగతి ప్రపంచానికి అప్పుడు అర్థమైంది.

పెట్రోల్ బండిలో అసలు పెద్దమనిషి: ఆక్సిజన్ సెన్సార్

పొగ సెన్సార్లలో పాతది, ముఖ్యమైనది ఆక్సిజన్ సెన్సార్. దీన్నే లాంబ్డా సెన్సార్ అని కూడా అంటారు. బాష్ కంపెనీ తయారుచేసిన ఈ సెన్సార్ 1976లో వోల్వో కార్లలో మొదటిసారి వచ్చింది. సూత్రం ఇప్పటికీ దాదాపు అదే.

ఒక కిలో పెట్రోల్ పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. గాలి తక్కువైతే పెట్రోల్ సగం కాలి నల్లపొగ, కార్బన్ మోనాక్సైడ్ వస్తాయి. గాలి ఎక్కువైతే నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. ఈ రెండింటి మధ్య సన్నటి గీత మీద బండి నడవాలి. ఆ గీత మీద ఉన్నామా లేదా అని చెప్పేదే ఈ సెన్సార్.

సెన్సార్ కొనలో జిర్కోనియా అనే పింగాణీ లాంటి పదార్థం ఉంటుంది. దానికి ఒకవైపు పైపులోని పొగ, మరోవైపు బయటి గాలి తగులుతాయి. రెండు వైపులా ఆక్సిజన్‌లో ఉన్న తేడాను బట్టి చిన్న కరెంటు పుడుతుంది. పొగలో ఆక్సిజన్ లేకపోతే సుమారు 0.9 వోల్టులు, మిగిలిపోతే సుమారు 0.1 వోల్టు. బాగున్న సెన్సార్ రీడింగు ఈ రెండు అంకెల మధ్య ఉయ్యాల ఊగినట్టు ఊగుతూ ఉంటుంది. దాన్ని చూసి ఈసీయూ పెట్రోల్‌ను కొంచెం పెంచుతుంది, కొంచెం తగ్గిస్తుంది. కొత్త కార్లలో చాలావాటికి ఇంకా సూక్ష్మంగా కొలిచే వైడ్‌బ్యాండ్ రకం ఉంటుంది. వాటి రీడింగు ఇలా ఊగదు, కాబట్టి పాత లెక్కతో దాన్ని చూసి 'సెన్సార్ పోయింది' అనకూడదు.

ఈ సెన్సార్ 300 డిగ్రీలు దాటి వేడెక్కితేనే సరిగ్గా పనిచేస్తుంది. తెల్లారి స్టార్ట్ చేసిన వెంటనే వేడెక్కడానికి లోపల చిన్న హీటర్ ఉంటుంది. చాలా సెన్సార్లలో ముందుగా పోయేది ఆ హీటరే.

బండిలో సాధారణంగా రెండు ఆక్సిజన్ సెన్సార్లు ఉంటాయి. మొదటిది క్యాటలిటిక్ కన్వర్టర్‌కు ముందు. ఇంధనం లెక్క చూసేది ఇదే. రెండోది కన్వర్టర్ తర్వాత. కన్వర్టర్ తన పని చేస్తోందా లేదా అని ముఖ్యంగా కాపలా కాసేది ఇది. ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి ఖరీదైన లోహాల పూత ఉన్న తేనెపట్టు లాంటి దిమ్మే కన్వర్టర్. విషవాయువులను చాలావరకు నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, నైట్రోజన్‌గా మార్చేది అదే. కన్వర్టర్ బాగుంటే రెండో సెన్సార్ రీడింగు నిలకడగా ఉంటుంది. అది కూడా మొదటి దానిలాగే ఊగడం మొదలుపెడితే కన్వర్టర్ పని తగ్గిందని అర్థం.

కోడ్ ఏం చెబుతుంది, ఏం చెప్పదు?

స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్టుకు స్కానర్ పెడితే 'పీ' అక్షరంతో మొదలయ్యే కోడ్ వస్తుంది. ఫోన్‌కు బ్లూటూత్‌తో కలిసే చిన్న రీడర్లు ఇప్పుడు వెయ్యి రూపాయల లోపే దొరుకుతున్నాయి. కోడ్ చదవడం కష్టం కాదు. దాన్ని అర్థం చేసుకోవడంలోనే హిసాబు తప్పుతోంది. తరచుగా వచ్చే మూడు కోడ్లు చూద్దాం.

పీ0171: ఇంజిన్‌లో గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ అని దీని అర్థం. ఈ మాట చెప్పింది ఆక్సిజన్ సెన్సారే. అందుకే చాలాచోట్ల ముందు దాన్నే మార్చేస్తారు. కానీ అది నిజమే చెప్పి ఉండొచ్చు. గాలి కొలిచే మాఫ్ సెన్సార్‌కు దుమ్ము పట్టి తక్కువ గాలి వస్తోందని తప్పు లెక్క ఇస్తే ఇదే కోడ్ వస్తుంది. ఇన్‌టేక్ రబ్బరు పైపు పగిలి దొంగగాలి లోపలికి పోయినా, పెట్రోల్ ఫిల్టర్ మూసుకుపోయినా, పంపు ప్రెషర్ తగ్గినా ఇదే కోడ్. పది నిమిషాలు చూసి పైపు మారిస్తే తీరే సమస్యకు వేల రూపాయల సెన్సార్ వేయించుకున్నవాళ్లు ఎందరో.

పీ0420: కన్వర్టర్ పని చేయాల్సినంత చేయడం లేదని అర్థం. ఇది చూడగానే 'క్యాటలిటిక్ పోయింది, మార్చాలి' అనేస్తారు. కొత్తది పదుల వేలల్లో ఉంటుంది. దానికి ముందు చూడాల్సినవి ఉన్నాయి. సైలెన్సర్ జాయింటు దగ్గర లీకేజీ ఉందా? రెండో సెన్సార్ సరిగ్గా ఉందా? ఇంజిన్ ఆయిల్ తాగుతోందా? ఏదైనా సిలిండర్ మిస్ అవుతోందా? కన్వర్టర్ నిజంగానే పోయినా, దాన్ని చంపిన కారణాన్ని సరిచేయకుండా కొత్తది వేస్తే అది కూడా కొద్ది నెలల్లో అదే దారి పడుతుంది. ఇంకో మాట: మార్చాల్సి వస్తే పాత కన్వర్టర్‌ను అడిగి తీసుకోండి. అందులోని లోహాలకు మంచి ధర ఉంది.

పీ0135: మొదటి ఆక్సిజన్ సెన్సార్ హీటర్ సర్క్యూట్‌లో లోపం. ఇక్కడ మాత్రం సెన్సార్ మీదే అనుమానం పెట్టుకోవచ్చు. అయినా ముందు ఫ్యూజు, తర్వాత వైరింగు చూడాలి. మల్టీమీటర్‌తో హీటర్ రెసిస్టెన్స్ కొలిస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

ఒక చిన్న లీకేజీ ఎంత పని చేస్తుందో గమనించండి. మొదటి సెన్సార్‌కు ముందు పైపులో సన్నటి పగులు ఉంటే, పొగ బయటికి పోవడమే కాదు, మధ్య మధ్యలో బయటి గాలి లోపలికి కూడా వస్తుంది. సెన్సార్‌కు ఆక్సిజన్ ఎక్కువ కనిపిస్తుంది. 'పెట్రోల్ తక్కువైంది' అని ఈసీయూకు చెబుతుంది. ఈసీయూ పెట్రోల్ పెంచుతుంది. మైలేజీ పడిపోతుంది. సెన్సార్ మారిస్తే కొత్త సెన్సార్ కూడా అదే మాట చెబుతుంది. ఎందుకంటే అది అబద్ధం చెప్పడం లేదు.

మైలేజీ గురించి ఇంకో సంగతి. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ వస్తోంది. ఇథనాల్‌లో శక్తి పెట్రోల్‌తో పోలిస్తే దాదాపు మూడింట రెండు వంతులే. కాబట్టి మైలేజీ కొంత తగ్గడం సహజం. లైటు వెలగకుండా, పికప్ తగ్గకుండా మైలేజీ మాత్రమే కొద్దిగా తగ్గితే వెంటనే సెన్సార్ మీదకు పోవద్దు.

లైటు నిలకడగా ఉందా, మిణుకు మిణుకు మంటోందా?

ఈ తేడా ప్రతి డ్రైవర్‌కూ తెలిసి ఉండాలి. నిలకడగా వెలుగుతూ, బండి మామూలుగా నడుస్తుంటే భయం లేదు. రెండు మూడు రోజుల్లో చూపించుకుంటే చాలు. పెట్రోల్ బండిలో అదే లైటు టపటపా కొట్టుకుంటూ, ఇంజిన్ వణుకుతుంటే వెంటనే స్పీడు తగ్గించి పక్కకు ఆపాలి. ఒక సిలిండర్‌లో మంట సరిగ్గా అంటుకోవడం లేదని, కాలని పెట్రోల్ నేరుగా కన్వర్టర్‌లోకి పోతోందని దాని అర్థం. ఆ పెట్రోల్ అక్కడ మండి కన్వర్టర్ లోపలి దిమ్మ కరిగిపోతుంది. కొన్ని వందల రూపాయల స్పార్క్ ప్లగ్గుతో పోయేది కన్వర్టర్ ఖర్చు దాకా వస్తుంది. ఆ రోజు కిరాయి పోయినా సరే, బండి ఆపడమే లాభం.

డీజిల్ బండి కథ వేరు

బీఎస్-6 డీజిల్ కార్లలో పొగ గొట్టం దారిలో డీపీఎఫ్ అనే మసి జల్లెడ ఉంటుంది. మసిని బయటికి పోనీయకుండా అది పట్టి ఉంచుతుంది. పట్టిన మసిని కొన్ని వందల కిలోమీటర్లకు ఒకసారి లోపలే కాల్చేసుకుంటుంది. దీన్నే రీజనరేషన్ అంటారు. దానికి 550 నుంచి 600 డిగ్రీల వేడి కావాలి.

మసి ఎంత నిండిందో చెప్పడానికి డిఫరెన్షియల్ ప్రెషర్ సెన్సార్ ఉంటుంది. జల్లెడకు ముందు ఒకటి, వెనుక ఒకటి, రెండు సన్నటి గొట్టాలు దీనికి వస్తాయి. రెండువైపులా ఉన్న ఒత్తిడి తేడాను బట్టి జల్లెడ ఎంత మూసుకుపోయిందో లెక్కేస్తుంది. పక్కనే పొగ వేడిని కొలిచే టెంపరేచర్ సెన్సార్లు ఉంటాయి. ఇక్కడ కూడా అదే పాఠం. ప్రెషర్ సెన్సార్‌కు వచ్చే రబ్బరు గొట్టం వేడికి పగిలినా, ఊడిపోయినా లెక్క తప్పుతుంది. అప్పుడు జల్లెడ బాగున్నా నిండిపోయిందని, లేదా నిండిపోయినా ఖాళీగా ఉందని ఈసీయూ అనుకుంటుంది. డీపీఎఫ్ మార్చాలని ఎవరైనా చెబితే, ముందు ఆ రెండు గొట్టాలు చూశారా అని అడగండి.

సిటీలో డీజిల్ బండికి అసలు కష్టం ట్రాఫిక్. మెహిదీపట్నం నుంచి చార్మినార్ వైపు ఆగుతూ కదులుతూ రోజూ తిరిగే బండికి పొగ గొట్టం ఆ మంటకు కావలసినంత వేడెక్కదు. రీజనరేషన్ మొదలవుతుంది, మధ్యలో బండి ఆపేస్తాం. మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆపేస్తాం. ఇలా ఆగిపోయిన ప్రతిసారీ మసిని కాల్చడానికి అదనంగా చల్లిన డీజిల్ కొంత ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. ఆయిల్ పలచబడుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం తగ్గాల్సింది పోయి పెరుగుతుంటే అది మంచి శకునం కాదు.

రీజనరేషన్ నడుస్తోందని గుర్తుపట్టొచ్చు. ఐడ్లింగ్‌లో ఆర్‌పీఎం కొంచెం పెరుగుతుంది. రేడియేటర్ ఫ్యాన్ గట్టిగా తిరుగుతుంది. కాలిన వాసన వస్తుంది. ఆ సమయంలో వీలైతే ఇంకో 15, 20 నిమిషాలు బండి ఆపకుండా నడపండి. అప్పుడే ఆపాల్సి వస్తే ఎండుగడ్డి, చెత్త ఉన్న చోట నిలపకండి. కింద పైపు నిప్పులా ఉంటుంది.

డీపీఎఫ్ లైటు వెలిగితే భయపడకండి, ఆలస్యమూ చేయకండి. ఔటర్ రింగ్ రోడ్డు లాంటి ఖాళీ దారి పట్టి, పరిమితి లోపల ఒకే స్పీడులో 20 నిమిషాలు నడిపితే చాలాసార్లు అదే ఆరిపోతుంది. మీ బండి మాన్యువల్‌లో ఎంత స్పీడు, ఏ గేరు అన్నది రాసి ఉంటుంది. పట్టించుకోకుండా తిరిగితే బండి పవర్ తగ్గించేసుకుని నీరసంగా నడుస్తుంది. అప్పుడు వర్క్‌షాపులో మెషీన్ పెట్టి మసిని కాల్పించాలి. దానికీ లొంగకపోతే కొత్త జల్లెడే దిక్కు.

యూరియా సంగతి జర జాగ్రత్త

కొన్ని డీజిల్ కార్లలో, చాలా కొత్త లారీల్లో డెఫ్ అనే ద్రవం పోయాలి. యాడ్‌బ్లూ అన్న పేరుతో ఎక్కువ మందికి తెలుసు. ఇందులో 32.5 శాతం శుద్ధమైన యూరియా, మిగతాది ఖనిజాలు తీసేసిన నీరు. ఇది పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను మామూలు నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మారుస్తుంది. పని సరిగ్గా జరిగిందా లేదా అని నాక్స్ సెన్సార్ చూస్తుంది. బండిలోని ఖరీదైన సెన్సార్లలో ఇది ఒకటి.

'యూరియానే కదా, ఎరువుల బస్తాలోది నీళ్లలో కలిపితే పోలా' అన్న ఆలోచన చాలా మందికి వస్తుంది. అస్సలు వద్దు. మన దేశంలో పొలాలకు అమ్మే యూరియాకు వేపనూనె పూత ఉంటుంది. ఆ నూనె, ఎరువులోని మలినాలు, కుళాయి నీటిలోని సున్నం కలిసి ఇంజెక్టర్‌ను మూసేస్తాయి, క్యాటలిస్టును పాడుచేస్తాయి. వందలు మిగిల్చుకోబోతే ఖర్చు లక్ష దాకా పోవచ్చు. పైగా రైతుకు సబ్సిడీతో ఇచ్చే యూరియాను ఇలా వాడటం నేరం కూడా.

డెఫ్ డబ్బా మీద ఐఎస్‌ఓ 22241 అన్న గుర్తు, తయారీ తేదీ చూసి కొనండి. 30 డిగ్రీల లోపు ఉంచితే సుమారు ఏడాది నిలుస్తుంది. 35 డిగ్రీల్లో అయితే ఆరు నెలలే. మన ఎండల్లో డిక్కీలో డబ్బాలు దాచిపెట్టుకోవడం మంచిది కాదు. ట్యాంకు అడుగంటితే మీటరులో కిలోమీటర్లు తగ్గుతూ కనిపిస్తాయి. సున్నాకు వచ్చాక ఒకసారి ఆపితే చాలా బండ్లు మళ్లీ స్టార్ట్ కావు.

సెన్సార్లను చంపేవి ఏవి?

సెన్సార్లు వాటంతట అవే పోవడం తక్కువ. ఆక్సిజన్ సెన్సార్ సాధారణంగా లక్ష కిలోమీటర్లు దాటి బతుకుతుంది. దాని ఆయుష్షు తగ్గించేవి ఇవి:

ఇంజిన్ తాగే ఆయిల్. ఆయిల్ కాలి వచ్చే బూడిద సెన్సార్ కొన మీద, డీపీఎఫ్‌లో పేరుకుపోతుంది. మసి కాలిపోతుంది గానీ బూడిద కాలదు.

కల్తీ ఇంధనం. రూపాయి తక్కువని నమ్మకం లేని చోట పోయించుకుంటే ఆ తేడా సెన్సార్ చెల్లిస్తుంది.

సిలికాన్ గమ్. ఇంజిన్ ప్యాకింగుకు వాడే మామూలు సిలికాన్ సీలెంట్ ఆవిరి ఆక్సిజన్ సెన్సార్‌కు విషం. 'సెన్సార్ సేఫ్' అని రాసి ఉన్నదే వాడించండి.

నీళ్లు. వానాకాలంలో మునిగిన రోడ్ల మీద తిరిగినా, ప్రెషర్ గన్‌తో బానెట్ కింద కడిగినా కనెక్టర్లలోకి తడి చేరి తుప్పు పడుతుంది.

ఎలుకలు. నవ్వులాట కాదు, రాత్రంతా నిలిపి ఉంచే బండ్లలో వైర్లు కొరికేది ఇవే. కోడ్ రాగానే బానెట్ ఎత్తి ఒకసారి వైరింగు చూడండి.

నీరసించిన బ్యాటరీ. వోల్టేజీ తగ్గితే బాగున్న సెన్సార్లు కూడా తప్పుడు రీడింగులు ఇస్తాయి. ఒకేసారి నాలుగైదు కోడ్లు వస్తే ముందు బ్యాటరీ, ఎర్త్ వైరు చూపించండి.

ఓనర్ చేయగలిగిన పనులు

ఎయిర్ ఫిల్టర్ సమయానికి మార్చండి. మట్టి రోడ్ల మీద, కన్‌స్ట్రక్షన్ సైట్ల దగ్గర తిరిగే బండికి ఇంకా ముందే మార్చాలి. నూనె పూసే రకం ఫిల్టర్లతో మాఫ్ సెన్సార్‌కు జిడ్డు అంటుతుంది. మాఫ్ సెన్సార్‌ను దాని కోసం ఉన్న స్ప్రేతోనే శుభ్రం చేయాలి. గుడ్డ, బ్రష్షు, పెట్రోల్ తగలకూడదు. లోపలి తీగ వెంట్రుక కన్నా సన్నం.

డీజిల్ బండికి మాన్యువల్‌లో చెప్పిన తక్కువ బూడిద ఆయిలే వాడాలి. 'ఏ ఆయిలైనా ఒకటే' అన్న మాట డీపీఎఫ్ ఉన్న బండికి వర్తించదు.

ఆక్సిజన్ సెన్సార్‌ను పెట్రోల్‌లో నానబెట్టడం, మంట మీద కాల్చడం వంటి చిట్కాలతో పోయిన సెన్సార్ తిరిగి రాదు. మార్చాల్సి వస్తే ఇంజిన్ కొంచెం వెచ్చగా ఉన్నప్పుడు విప్పాలి. కొత్తదాని మరల మీద పూసే గ్రీజు కొనకు తగలకూడదు. కింద పడిన సెన్సార్ బిగించవద్దు, లోపలి పింగాణీ పగిలి ఉండొచ్చు. రాణిగంజ్‌లోనో పుత్లీబౌలీలోనో స్పేర్ పార్టు కొనేటప్పుడు పాతదాని మీద ఉన్న పార్ట్ నంబరు చూసి, బిల్లుతో తీసుకోండి. చూడటానికి ఒకేలా ఉన్నా లోపలి హీటర్ వేరుగా ఉండొచ్చు.

పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంటే చాలదా?

చాలామందికి ఉన్న అపోహ ఇది. పీయూసీ టెస్టులో పెట్రోల్ బండికి ప్రధానంగా కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు చూస్తారు. డీజిల్‌కు పొగ ఎంత దట్టంగా ఉందో చూస్తారు. నైట్రోజన్ ఆక్సైడ్లను అక్కడ కొలవరు. నిలబడ్డ బండిని కొన్ని నిమిషాలు చూసి ఇచ్చే కాగితం అది. కాగితం తప్పనిసరి, సందేహం లేదు. అది లేకుండా దొరికితే కేంద్ర మోటారు వాహనాల చట్టం ప్రకారం 10 వేల రూపాయల వరకు జరిమానా పడొచ్చు. కానీ కాగితం చేతిలో ఉన్నంత మాత్రాన లోపల సెన్సార్లు, కన్వర్టర్ బాగున్నట్టు కాదు.

డీపీఎఫ్‌ను కోసి తీసేసి, సాఫ్ట్‌వేర్‌తో లైటు రాకుండా చేస్తామని చెప్పేవాళ్లు కూడా ఉన్నారు. ఒక్కసారి డబ్బు కడితే జీవితాంతం సమస్య ఉండదంటారు. కంపెనీ ఇచ్చిన బండిని ఇలా మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధం. వారంటీ పోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఆ జల్లెడ పట్టుకునే మసి మళ్లీ మన గల్లీలోకే వస్తుంది. కంటికి కనిపించని ఆ రేణువులు ఊపిరితిత్తుల అడుగు దాకా వెళ్తాయి. రోజంతా ఆ పొగలో నిలబడేది ట్రాఫిక్ కానిస్టేబుల్, తోపుడుబండి వ్యాపారి, ఆటోలో బడికి వెళ్లే పిల్లలు, స్టీరింగ్ ముందు కూర్చున్న డ్రైవరన్న కూడా.

సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నారా?

తాళం ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా డ్యాష్‌బోర్డు చూడండి. చెక్ ఇంజిన్ లైటు వెలగాలి. అసలు వెలగకపోతే దాన్ని తీసేసి ఉండొచ్చు, కప్పేసి ఉండొచ్చు. తర్వాత స్కానర్ పెట్టించి కోడ్లతో పాటు 'రెడీనెస్ మానిటర్లు' కూడా చూడమనండి. అవన్నీ 'పూర్తి కాలేదు' అని చూపిస్తే, మీరు రాకముందే ఎవరో కోడ్లు చెరిపేసి ఉండొచ్చు, లేదా బ్యాటరీ తీసి పెట్టి ఉండొచ్చు. అలాంటప్పుడు రెండు మూడు రోజులు నడిపాక మళ్లీ చూస్తామని చెప్పండి. అసలు రంగు అప్పుడు బయటపడుతుంది.

మిస్త్రీని అడగాల్సిన నాలుగు ప్రశ్నలు

లైటు వెలిగి గ్యారేజీకి వెళ్లినప్పుడు గొడవ అక్కర్లేదు, మర్యాదగా ఈ నాలుగు అడిగితే చాలు.

ఒకటి: ఉస్తాద్, ఏ కోడ్ వచ్చింది? నంబరు రాసివ్వండి, లేదా స్క్రీన్ ఫోటో తీసుకోనివ్వండి.

రెండు: లైటు వెలిగిన క్షణంలో స్పీడు, ఇంజిన్ వేడి, ఆర్‌పీఎం ఎంత? ఈసీయూ ఆ వివరాలను 'ఫ్రీజ్ ఫ్రేమ్'గా దాచి ఉంచుతుంది. కోడ్ చెరిపేస్తే అవి కూడా పోతాయి. కాబట్టి చూడకముందే చెరపనివ్వద్దు.

మూడు: ఈ సెన్సారే పోయిందని ఎలా తెలిసింది? వైరు, ఫ్యూజు, పైపు లీకేజీ చూశారా?

నాలుగు: మార్చాక ఈ కారణంతోనే లైటు మళ్లీ వస్తే ఏం చేస్తారు?

పని తెలిసిన మిస్త్రీ ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు. పాత పైపు చేతిలో పట్టుకుని పగులు చూపించి మరీ చెబుతాడు. జవాబు చెప్పకుండా 'మార్చేద్దాం భాయ్, చూద్దాం' అంటే, మార్చకముందే ఇంకో గ్యారేజీలో చూపించుకోండి. స్కానింగుకు అయ్యే కొన్ని వందలు వృథా కావు. అనవసరంగా వేసిన సెన్సార్‌ను వెనక్కి తీసుకునే దుకాణం మాత్రం ఎక్కడా దొరకదు.